పాత దయ్యాలకు కొత్త కొంపలు

దయ్యానికీ చిక్కు ప్రశ్నకీ ఉన్న చుట్టరికం గురించి తెలుగువాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. చందమామలో భేతాళ కథలు చదివి పెరిగిన వాళ్ళం మనం. అర్ధరాత్రి, శ్మశానం, భుజం మీద శవం, ఆ శవంలో భేతాళుడు. ఇంత హడావిడీ చేసి చివరికి భేతాళుడు అడిగేది ప్రాణం కాదు, ఒక ప్రశ్నకి సమాధానం. భయపెడుతూనే బుర్రకి పని పెడితే వినేవాడు లేచి వెళ్ళలేడని ఆ కథలు అల్లినవాళ్ళకి వందల ఏళ్ళ కిందటే తెలుసు.

ఇదే కిటుకు మీద 1980, 90 దశకాల్లో అమెరికాలో ఒక రకం కంప్యూటర్ ఆటలు వచ్చాయి. పాడుబడిన బంగళా ఒకటి ఉంటుంది. లోపల దయ్యాలుంటాయి. ప్రతి గదిలోనూ ఒక చిక్కుముడి ఉంటుంది. అది విప్పితేనే తరువాతి తలుపు తెరుచుకుంటుంది. తుపాకులతో పనిలేదు, తొందరా లేదు. లక్షల మంది కొని ఆడిన ఈ ఆటలు 2000 నాటికి దాదాపు చచ్చిపోయాయి. జనం అభిరుచి మారడం ఒక్కటే కారణం కాదు. అవి ఆడే యంత్రాలు కూడా పోయాయి. తరువాత పదేళ్ళకి, అంటే 2010 ప్రాంతం నుంచి, అవి ఒకటొకటిగా డిజిటల్ రూపంలో మళ్ళీ అమ్మకానికి వచ్చాయి.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేరు. పాత ప్రోగ్రాములని కొత్త యంత్రాల మీదకి చేర్చడంలోనే నా ఇరవై ఏళ్ళూ గడిచిపోయాయి. అందుచేత ఈ ఆటల చావు, పునర్జన్మ నాకు కాలక్షేపం కబుర్లలా అనిపించవు. వాటిలో ఆటలు ఆడనివాళ్ళకి కూడా పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. అది చెప్పాలనే ఈ వ్యాసం.

మొదటి బంగళా

ఈ కథ 1980లో కాలిఫోర్నియాలో ఒక ఇంట్లో మొదలవుతుంది. కెన్ విలియమ్స్ ప్రోగ్రామరు. భార్య రాబర్టాకి అప్పట్లో ఉన్న అక్షరాల ఆటలంటే పిచ్చి. ఆ ఆటల్లో బొమ్మలుండవు. "నువ్వు గుహలో ఉన్నావు" అని తెర మీద వాక్యం కనిపిస్తే, ఏం చేయాలో మనం టైపు చేయాలి. ఇదే ఆటకి బొమ్మలు పెడితే ఎలా ఉంటుందని రాబర్టాకి ఆలోచన వచ్చింది. అగాథా క్రిస్టీ నవల స్ఫూర్తితో ఒక ఇల్లు, అందులో ఒకరి తరువాత ఒకరుగా హతమయ్యే మనుషులు, ఎక్కడో దాచిన నగలు, ఇలా కథ అల్లింది. సుమారు 70 గీతల బొమ్మలు వేసింది. కెన్ వాటిని యాపిల్-2 కంప్యూటర్‌లో ఇమిడ్చాడు. దాని పేరు మిస్టరీ హౌస్. బొమ్మలున్న మొట్టమొదటి సాహస క్రీడగా దానికి పేరు. ఫ్లాపీని ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్మారు. ఆ దంపతుల కంపెనీయే తరువాత సియెరా ఆన్‌లైన్‌గా ఎదిగింది.

1987లో సియెరా వాళ్ళు మిస్టరీ హౌస్ మీద హక్కులు వదులుకుని దాన్ని ప్రజలపరం చేశారు. పేటికలో దాచకుండా పదిమందికీ పంచారు కాబట్టి, ఆ ఆట ఈనాటికీ ఎవరి అనుమతీ అక్కరలేకుండా దొరుకుతుంది. తరువాత వచ్చిన ఆటల్లో చాలావాటికి ఆ అదృష్టం పట్టలేదు.

450 ఫ్లాపీల దయ్యం

1990లో వర్జిన్ అనే ఆటల కంపెనీలో రాబ్ లాండెరోస్, గ్రేమ్ డివైన్ అని ఇద్దరు ఉద్యోగులుండేవారు. సీడీ-రామ్ మీద మాత్రమే నడిచే ఆట చేద్దామని పై అధికారి మార్టిన్ ఆల్పర్‌కి ఒక ప్రతిపాదన ఇచ్చారు. ఆయన అది చదివి ఇద్దరినీ ఉద్యోగంలోంచి తీసేశాడు! కోపంతో కాదు. ఇంత పెద్ద పని ఉన్న కంపెనీలో ఇమడదు, మీరే సొంతంగా ఒక సంస్థ పెట్టుకోండి, డబ్బు మేము ఇస్తాం అన్నాడు. అలా ఓరెగన్ రాష్ట్రంలో ట్రైలోబైట్ పుట్టింది. 1993లో సెవెన్త్ గెస్ట్ వచ్చింది.

ఒక ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. ఒక సీడీలో పట్టేది సుమారు 650. అంటే ఒక్క సీడీ 450 ఫ్లాపీలకి సమానం. ఈ ఆట రెండు సీడీల మీద వచ్చింది. చాలామంది ఇళ్ళల్లో అప్పటికి సీడీ డ్రైవే లేదు. కేవలం ఈ ఆట కోసం డ్రైవు కొన్నవాళ్ళున్నారు. మొత్తం 20 లక్షలకి పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

కథలో హెన్రీ స్టౌఫ్ అనే బొమ్మల తయారీదారుడు ఉంటాడు. ఫౌస్ట్ అనే పేరులోని ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ చేస్తే స్టౌఫ్ వస్తుంది. సైతానుకి ఆత్మని అమ్ముకున్న ఫౌస్ట్ కథ తెలిసినవాళ్ళకి ఆ పేరులోనే సగం కథ అర్థమైపోతుంది. అతని బొమ్మలతో ఆడుకున్న పిల్లలు అంతుపట్టని జబ్బుతో చనిపోతారు. అతను ఒక వింత బంగళా కట్టి ఆరుగురు అతిథులని పిలుస్తాడు. ఏడో అతిథి ఎవరన్నదే అసలు చిక్కు.

బంగళా అంతా కంప్యూటర్‌లో గీసినదే. మనుషులు మాత్రం నిజం నటులు. నీలం తెర ముందు నిలబెట్టి వాళ్ళని వీడియో తీశారు. ఆ తెర సరిగ్గా కుదరక నటుల అంచుల చుట్టూ వెలుగు మరక మిగిలిపోయింది. దాన్ని పూర్తిగా చెరపడం వాళ్ళ వల్ల కాలేదు. ఎలాగూ దయ్యాలే కదా, చుట్టూ కాంతి ఉంటే ఇంకా బాగుంటుందని దాన్నే వాడుకున్నారు. లోపాన్ని అలంకారంగా మార్చుకోవడం అంటే ఇదే.

ఇక చిక్కుముళ్ళు. భోజనాల గదిలో ఒక కేకు ఉంటుంది. 30 ముక్కలు. కొన్నిటి మీద పుర్రెలు, కొన్నిటి మీద సమాధి రాళ్ళు, కొన్ని ఖాళీ. ఆరుగురికీ సమానంగా పంచాలి. ఒక్కొక్కరికి రెండు పుర్రెలు, రెండు సమాధులు, ఒక ఖాళీ ముక్క రావాలి. అయిదు ముక్కలూ ఒకదానికొకటి అంటుకుని ఉండాలి. మరో గదిలో చదరంగం బల్ల. ఎనిమిది రాణులని ఒకదాన్నొకటి చంపుకోకుండా పేర్చాలి.

మేము ఇంజనీరింగ్ చదివేటప్పుడు, 1990ల చివర్లో, ఈ ఆట మా హాస్టల్‌కి చేరింది. కొన్న ప్రతి కాదని వేరే చెప్పాలా! ఎవరి అన్నయ్యో ఎక్కడో కాపీ చేయించిన సీడీ. ఒక సీనియర్ గదిలో అసెంబుల్ చేసిన పెంటియమ్ చుట్టూ పదిమంది చేరాం. ఎనిమిది రాణులు కనబడగానే మా వాడొకడు, "ఒరేయ్, ఇది హోరోవిట్జ్, సాహ్నీ పుస్తకంలోదిరా!" అని అరిచాడు. నిజమే, అల్‌గారిథమ్స్ పాఠంలో అది మాకు పరీక్షకి వచ్చే ప్రశ్న. వెంటనే టర్బో-సి తెరిచి ప్రోగ్రాము రాశాం. జవాబులు మొత్తం 92. అందులో ఒకటి చాలు, తలుపు తెరుచుకుంది. సిలబస్‌లో ఉన్నది ఏదైనా నిజంగా ఒక తలుపు తెరవడం మేము చూసింది అదే మొదటిసారి.

1995లో ఇదే కంపెనీ నుంచి ఇలెవెన్త్ అవర్ నాలుగు సీడీల మీద వచ్చింది. అదే సంవత్సరం రాబర్టా విలియమ్స్ రాసిన ఫాంటస్మగోరియా ఏకంగా ఏడు సీడీల మీద వచ్చింది. దాని భీభత్సం ఎక్కువైందని ఆస్ట్రేలియాలో అనుమతి ఇవ్వలేదు. ఆ తరువాత గాలి మళ్ళింది. వేగంగా పరిగెత్తి కాల్చే త్రీ-డీ ఆటల రోజులొచ్చాయి. 90లు ముగిసేసరికి ట్రైలోబైట్ మూతపడింది.

ఆట ఎక్కడుంది?

2003లో ఇక్కడ ఒక గరాజ్ సేల్‌లో సెవెన్త్ గెస్ట్ అసలు పెట్టె ఒక డాలరుకి దొరికింది. సీడీల మీద ఒక్క గీత లేదు. ఇంటికి తెచ్చి విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్‌లో పెడితే నడవలేదు. సీడీ బాగుంది, డ్రైవు బాగుంది, ఆట మాత్రం లేదు. మరి ఆట ఎక్కడుంది?

డాస్ రోజుల్లో ప్రోగ్రాముకీ యంత్రానికీ మధ్య పెద్దమనుషులు లేరు. ప్రోగ్రాము నేరుగా సౌండ్ కార్డుతో మాట్లాడేది. అది ఫలానా ఐఆర్‌క్యూలో ఉంది, ఫలానా డీఎంఏలో ఉంది అని మనమే చెప్పాలి. 640 కిలోబైట్ల జ్ఞాపకంలో చోటు చాలకపోతే కాన్ఫిగ్.సిస్ ఫైలు దిద్దుకుంటూ కూర్చోవాలి. కొన్ని ఆటలైతే ప్రాసెసర్ వేగాన్నే గడియారంగా వాడుకునేవి. కొత్త కంప్యూటర్‌లో అవి పిచ్చి పట్టినట్టు పరిగెడతాయి. తరువాత వచ్చిన విండోస్‌లు భద్రత కోసం ఈ నేరు దారులన్నీ మూసేశాయి. అది మంచి పనే. కానీ ఆ దారుల్లో తప్ప నడవడం రాని ప్రోగ్రాములు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

అంటే ఆట సీడీలో లేదు. సీడీకీ ఆనాటి యంత్రానికీ మధ్య జరిగే సంభాషణలో ఉంది. ఒక పక్షం పోతే రెండో పక్షం ఎంత భద్రంగా ఉన్నా సంభాషణ లేదు. పుస్తకానికీ సాఫ్ట్‌వేరుకీ ఉన్న తేడా ఇదే. తాటాకుల పుస్తకాన్ని వందేళ్ళ తరువాత కూడా లిపి వచ్చినవాడు చదవగలడు. సీడీని చదవాలంటే లిపి ఒక్కటే చాలదు, ఆనాటి యంత్రం కూడా ఉండాలి.

బతికించే రెండు దారులు

ఈ చిక్కుముడిని విప్పినవాళ్ళు కంపెనీలు కాదు, జీతం లేని ఔత్సాహికులు. వాళ్ళు రెండు దారులు పట్టారు.

మొదటిది డాస్‌బాక్స్. 2002లో బయటికొచ్చింది. ఇది కొత్త కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్‌ని నటిస్తుంది. ప్రాసెసర్, తెర, సౌండ్ కార్డు, అన్నీ ఉత్తుత్తివే. ఆటకి మాత్రం తాను 1993లోనే ఉన్నానని నమ్మకం. మల్టీప్లెక్స్ లోపల ఒక పాత టూరింగ్ టాకీసు కట్టి, అదే ప్రొజెక్టరు, అదే తెర పెట్టి పాత రీలు వేసినట్టన్నమాట.

రెండోది స్కమ్‌వీఎమ్. 2001లో లుడ్విగ్ స్ట్రిగేయస్, విన్సెంట్ హామ్ మొదలుపెట్టారు. మేనియాక్ మాన్షన్ అనే 1987 నాటి ఆట కోసం తయారైన పనిముట్టు స్కమ్. ఆ పేరే దీనికి పెట్టారు. ఆ మేనియాక్ మాన్షన్ కూడా ఒక వెర్రి బంగళా కథే! ఈ దారిలో పాత యంత్రాన్ని నటించరు. ఆటలోని బొమ్మలు, మాటలు, సంగీతం ఉన్న ఫైళ్ళని అలాగే ఉంచి, వాటిని నడిపించే ప్రోగ్రాముని మాత్రం కొత్తగా రాస్తారు. వీధి భాగవతంలో పద్యాలూ కథా అవే, ఆడే మేళం కొత్తది. అసలు సోర్సు కోడు చేతిలో లేకపోయినా, ఒక్కొక్క ఆదేశం ఏం చేస్తుందో గమనించి, ఊహించి, మళ్ళీ పరీక్షించి రాసే పని ఇది. నా వృత్తిలో ఇంతకంటే ఓపిక కావలసిన పని నేను చూడలేదు. 2009లో సెవెన్త్ గెస్ట్ ఈ జాబితాలో చేరింది. నా డాలరు సీడీలు ఆరేళ్ళ తరువాత అలా నోరు విప్పాయి.

తాళం చెవి ఎవరి దగ్గర?

యంత్రం సంగతి తేలింది. తరువాతిది అనుమతి. ఇది యంత్రం కంటే జటిలం.

పోలండ్‌లో సీడీ ప్రాజెక్ట్ అని ఒక కంపెనీ 1994లో మొదలైంది. అప్పట్లో అక్కడ కూడా మన దగ్గరలాగే సంతల్లో కాపీ సీడీలదే రాజ్యం. వాళ్ళు కాపీగాళ్ళ మీద కేసులు పెడుతూ కూర్చోలేదు. 1999లో బాల్దర్స్ గేట్ అనే ఆటని పోలిష్‌లోకి అనువదించి, పెట్టెలో పటాలు, పుస్తకం అదనంగా పెట్టి అమ్మారు. జనం కొన్నారు. దొంగ సరుకు కంటే మంచి సరుకు ఇస్తే మనిషి నిజాయితీగానే ఉంటాడని వాళ్ళకి అర్థమైంది. ఆ నమ్మకంతోనే 2008లో గుడ్ ఓల్డ్ గేమ్స్, అంటే గాగ్, అనే దుకాణం తెరిచారు. పాత ఆటలకి డాస్‌బాక్స్ లాంటివి జతచేసి, తాళాలేమీ పెట్టకుండా 5.99, 9.99 డాలర్లకి అమ్మారు. 2010లో ఫాంటస్మగోరియా అక్కడికి వచ్చింది. అదే సంవత్సరం చివర్లో ట్రైలోబైట్ మళ్ళీ కళ్ళు తెరిచి సెవెన్త్ గెస్ట్‌ని ఐప్యాడ్ మీదకి తెచ్చింది. తరువాత మామూలు కంప్యూటర్లకీ అది అమ్మకానికి వచ్చింది.

ఇదంతా చదివి తేలికే అనుకోకండి. సియెరా హక్కుల ప్రయాణం చూడండి. 1996లో సీయూసీ అనే కంపెనీ దాన్ని కొంది. అక్కడ లెక్కల కుంభకోణం బయటపడ్డాక ఫ్రాన్స్‌లోని వివెండీ చేతికి వెళ్ళింది. 2008లో యాక్టివిజన్‌కి, 2023లో మైక్రోసాఫ్ట్‌కి చేరింది. వాటాలు పంచుకుంటూ పోయిన పాత మండువా ఇల్లులా, ఏ గది తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే ఒక పని.

దీనికి దగ్గరి చుట్టం సిస్టమ్ షాక్ 2 కథ ఇంకా విడ్డూరం. అది కూడా భయపెట్టే ఆటే. చేసిన కంపెనీ 2000లో మూతపడింది. స్టీఫెన్ కిక్ అనే కళాకారుడు గ్వాటెమాలాలో తిరుగుతూ తన చిన్న లాప్‌టాప్‌లో ఆ ఆట ఆడబోతే నడవలేదు. హక్కులు ఎవరివని ఆరా తీస్తే ఒక ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర తేలాయి. ఆటలతో ఏ సంబంధమూ లేని కంపెనీ! వాళ్ళని ఒప్పించి, నైట్‌డైవ్ అనే సంస్థ పెట్టి, 2013లో ఆ ఆటని మళ్ళీ విడుదల చేశాడు. తరువాత అలాంటి ఆటలు ఎన్నిటినో వెతికి తెచ్చాడు.

ఇలా గట్టెక్కినవి కొన్నే. 2023లో అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్ళు ఒక అధ్యయనం చేశారు. 2010కి ముందు ఇక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు బజారులో ఏ రూపంలోనూ దొరకవని తేల్చారు. పోనీ లైబ్రరీలు ఇలాంటి ఆటలని పరిశోధకులకి దూరం నుంచి చూపించవచ్చా అంటే, 2024 అక్టోబరులో కాపీరైట్ ఆఫీసు కుదరదంది. కంపెనీ పేరున 1993లో వచ్చిన ఆటకి ఇక్కడి చట్టం ప్రకారం 95 ఏళ్ళ రక్షణ. అది ప్రజలపరం అయ్యేది 2089 జనవరి 1న. ఆ రోజు దాకా సీడీ అరగకుండా ఉంటుందా? దాన్ని నడిపించడం తెలిసిన మనిషి ఉంటాడా? చట్టానికి ఈ ప్రశ్నలతో పనిలేదు.

కొనుక్కున్నది మనదేనా?

డిజిటల్ విడుదల వల్ల అన్నీ తీరిపోయాయని నేను అనను. పెట్టె ఉన్నప్పుడు అది నా సొంతం. నేను తమ్ముడికి ఇవ్వచ్చు, గరాజ్ సేల్‌లో డాలరుకి అమ్మచ్చు. డిజిటల్ దుకాణాలు చాలావరకు అమ్మేది వస్తువుని కాదు, వాడుకునే అనుమతిని. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని చట్టం కూడా వచ్చింది. అందుకే దుకాణంతో సంబంధం లేకుండా మన డిస్కులో దాచుకోగలిగే ప్రతి ఇచ్చే చోట కొనడం మేలని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి. 2023లో సెవెన్త్ గెస్ట్‌ని కళ్ళకి కట్టుకునే వర్చువల్ రియాలిటీ పరికరాల కోసం కొత్త నటులతో మళ్ళీ తీశారు. బాగానే ఉంది. కానీ అది పాతదానికి బదులు కాదు. 2010లో మాయాబజార్‌కి రంగులు వేసినప్పుడు మన ఇళ్ళల్లో జరిగిన వాదనలు గుర్తుండే ఉంటాయి. రంగుల్లో చూసి మురిసినవాళ్ళున్నారు, నలుపు తెలుపే ముద్దన్నవాళ్ళున్నారు. అసలు ఆ వాదన పెట్టుకోగలిగాం అంటే 1957 నాటి సినిమా మన దగ్గర మిగిలింది కాబట్టి. మన మొదటి టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాద గురించి అలాంటి వాదన చేయలేం. దాని ప్రింటు ఒక్కటీ మిగల్లేదు.

మన ఇంటి సంగతి

ఈ దయ్యాల ఆటలతో మనకేం పని అనేవాళ్ళకి ఒక మాట. మూడేళ్ళ కిందట మా ఊరి తెలుగు సంఘం పాత సంచికలని కంప్యూటర్‌లో భద్రపరిచే పని నాకు అప్పజెప్పారు. 1996 సంచిక అచ్చు ప్రతి ఎవరి దగ్గరా లేదు. ఫ్లాపీలు మాత్రం ఉన్నాయి. తెరిస్తే ఫైళ్ళు చక్కగా తెరుచుకున్నాయి, తెలుగు మాత్రం లేదు. యూనికోడ్ మన వాడుకలోకి రాకముందు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టి టైపు చేసేవాళ్ళం. ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క పద్ధతి. ఆ ఫాంటు లేకపోతే కవిత్వమంతా గీతలూ చుక్కలే. సెవెన్త్ గెస్ట్ సీడీకి పట్టిన గతే మన కవితలకీ పట్టింది.

ఆ సంచిక టైపు చేసిన పెద్దాయన్ని అందరూ మాస్టారంటారు. ఇప్పుడు వేరే రాష్ట్రంలో కూతురి దగ్గరుంటున్నారు. ఫోన్ చేస్తే, "ఆ ఫాంటు పేరు నాకు గుర్తుందయ్యా. దాని ఫ్లాపీ కూడా బేస్‌మెంట్‌లో ఎక్కడో ఉండాలి, వెతికిస్తాను" అన్నారు. వారం తరువాత దొరికింది. ఏ అక్షరం ఏ స్థానంలో ఉందో పట్టిక వేసుకుని, ఒక చిన్న ప్రోగ్రాము రాసి యూనికోడ్‌లోకి మార్చాను. తప్పొప్పులు ఆయనే ఫోన్‌లో దిద్దారు. 14 రచనల్లో 11 బతికాయి. మూడింటి ఫ్లాపీ పాడైపోయింది. ఆ మూడింటిలో ఒకటి, తరువాత ఏడాదికే పోయిన ఒకావిడ రాసిన ఏకైక కథట.

ఆటలని బతికించినవాళ్ళ అనుభవం చెప్పేది ఇదే. ఏదైనా మిగలాలంటే మూడు కావాలి. ఒకటి సరుకు. రెండు, దాన్ని నడిపించే యంత్రమో, ఆ యంత్రాన్ని నటించగల తెలివో. మూడు, ఇచ్చే అధికారం ఉన్నవాడి అనుమతి. ఆటల విషయంలో మూడోది దొరకడం కష్టం. మన విషయంలో మూడోది అసలు సమస్యే కాదు. అడిగితే ఎవరూ కాదనరు. మనకి కరువైంది రెండోది. అది ఏ దుకాణంలోనూ దొరకదు. ఏ ఫాంటు వాడామో, ఏ క్యాసెట్ మీద ఎవరి గొంతుందో చెప్పగల పెద్దవాళ్ళ జ్ఞాపకంలో ఉంది.

స్టౌఫ్ బంగళాని ప్రేమించినవాళ్ళు సముద్రాలకి అటూ ఇటూ కూర్చుని, జీతం లేకుండా, ఒక్కొక్క ఆదేశం విప్పుకుంటూ దాన్ని నిలబెట్టారు. మన పని అంత కష్టమైంది కాదు. ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి మీ అటకల మీదా, బేస్‌మెంట్లలోనూ పాత ఫ్లాపీలు, క్యాసెట్లు ఏవైనా ఉంటే, వాటిని టైపు చేసినవాళ్ళకో, రికార్డు చేసినవాళ్ళకో ఈ వారమే ఒక ఫోన్ చేయండి.